ప్రపంచ రికార్డు

పోటీలో గెలుపొందుట వేరు. ప్రపంచ రికార్డు నెలకొల్పుట వేరు. గెలిచినవాడు ఆనాడు తనతో తలపడిన వారిని మాత్రమే మించినవాడు. రికార్డు నెలకొల్పినవాడో, అంతకు పూర్వము ఆ క్రీడలో కొలత కెక్కిన వారినందరిని మించినవాడు. అందువలన ఏ దేశమున, ఏ సంవత్సరమున పోటీ జరిగినను కొలతలన్నియు ఒకే నియమమునకు లోబడి యుండవలెను. అట్లు కానిచో ఒకనాటి కొలతను వేరొకనాటి కొలతతో పోల్చుట న్యాయము కాదు. 1912లో స్టాక్‌హోమ్ నగరమున ఏర్పడిన అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య ఇట్టి నియమములను రూపొందించి, రికార్డులను పరిశీలించి ఆమోదించు బాధ్యతను వహించినది.

లాంగ్ జంప్ పోటీని గమనించినచో ఈ విషయము తేటపడును. క్రీడాకారుడు వేగముగా పరుగెత్తి వచ్చి, నేలలో పాతిన పలకపై కాలు మోపి, ఎదుటనున్న ఇసుక గుంటలోనికి దుముకును. పలక అంచున నున్న గీటును పాదము రవంత దాటినను ఆ దుముకు లెక్కకు రాదు. గీటునకు జానెడు వెనుకనుండి లేచినచో ఆ జానెడు దూరమును అతడే నష్టపోవును. ఏలయన కొలత గీటునుండియే మొదలగును. ఇసుకలో గీటునకు మిక్కిలి దగ్గరగా పడిన గుర్తు వద్ద అది ముగియును. వెనుకనుండి వీచు గాలి దుముకువానికి తోడ్పడును గనుక దాని వేగమునకును హద్దు గలదు. గాలి వేగము సెకనుకు 2 మీటర్లను మించినచో ఆ దుముకు పోటీలో చెల్లును గాని రికార్డుగా చెల్లదు.

అమెరికా క్రీడాకారుడు జెస్సీ ఓవెన్స్ 1935లో 8.13 మీటర్లు దుమికెను. ఆ రికార్డు 25 సంవత్సరములు నిలిచినది. 1960లో అమెరికాకే చెందిన రాల్ఫ్ బోస్టన్ దానిని మించెను. పిమ్మట అతనికిని, సోవియట్ క్రీడాకారుడు ఇగోర్ తెర్ ఒవనేస్యాన్‌కును పోటీ సాగి, 1967 నాటికి 8.35 మీటర్ల రికార్డు వారిరువురి పేరను నిలిచెను. 32 సంవత్సరములలో పెరిగినది 22 సెంటీమీటర్లు మాత్రమే!

1968లో ఒలింపిక్ క్రీడలు మెక్సికో నగరమున జరిగినవి. వారిరువురితోపాటు బాబ్ బీమన్ అను 22 ఏండ్ల అమెరికా యువకుడును వచ్చెను. అర్హత పోటీలో ఒక్కొక్కనికి మూడు అవకాశములు. బీమన్ మొదటి రెండింటను గీటు దాటెను. మూడవదియు తప్పినచో అతడు ఇంటిదారి పట్టవలసినదే. అప్పుడు బోస్టన్ అతనిని సమీపించి, పలకకు కొంచెము వెనుకనుండియే లేచినను చాలునని సలహా చెప్పెను. బీమన్ అట్లే చేసి అర్హత పొందెను. తన రికార్డునకు ముప్పు తేగల ప్రత్యర్థికి బోస్టన్ చేసిన మేలిది.

మరునాడు, అక్టోబరు 18న, బీమన్ తన మొదటి దుముకును దుమికెను. దూరమును కొలుచుటకు అమర్చిన యంత్రము అతడు పడిన చోటి వరకు చేరలేదు! అధికారులు ఉక్కు టేపు తెప్పించి కొలిచిరి. కొలత 8.90 మీటర్లు. అడుగులు, అంగుళములు మాత్రమే ఎరిగిన బీమన్‌కు ఆ అంకె అర్థము కాలేదు. 29 అడుగులు దాటితివని బోస్టన్ తెలుపగా, అతడు ఉద్వేగమునకు తాళలేక నేలపై కూలబడెను. పాత రికార్డు ఒక్క దుముకుతో 55 సెంటీమీటర్లు పెరిగినది.

మెక్సికో నగరము సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. అచటి గాలి పలుచన గనుక దుముకువానికి అడ్డు తక్కువ. ఆనాటి గాలి వేగమును సరిగా 2 మీటర్ల హద్దుననే యుండెను. ఇవి బీమన్‌కు తోడ్పడిన మాట నిజమే. కాని అదే నగరమున, అదే గుంటలో దుమికి రెండవ స్థానము పొందిన తూర్పు జర్మనీ క్రీడాకారుడు క్లౌస్ బేర్ చేరిన దూరము 8.19 మీటర్లే.

ఆ రికార్డు దాదాపు 23 సంవత్సరములు చెక్కు చెదరలేదు. 1991 ఆగస్టు 30న టోక్యో ప్రపంచ పోటీలలో అమెరికా క్రీడాకారులు కార్ల్ లూయిస్, మైక్ పావెల్ తలపడిరి. లూయిస్ అంతవరకు వరుసగా 65 లాంగ్ జంప్ పోటీలలో ఓటమి ఎరుగనివాడు. నాలుగవ దుముకులో అతడు 8.91 మీటర్లు చేరి బీమన్‌ను మించెను. కాని గాలి వేగము 2.9 మీటర్లుండుటచే అది రికార్డు కాలేదు. పిమ్మట పావెల్ తన అయిదవ దుముకులో 8.95 మీటర్లు చేరెను. అప్పటి గాలి వేగము 0.3 మీటరు మాత్రమే. లూయిస్ మిగిలిన రెండు అవకాశములలో 8.87, 8.84 మీటర్లు దుమికియు ఓడిపోయెను.

8.91 మీటర్లు దుమికియు రికార్డు పొందలేకపోవుట లూయిస్‌కు కష్టముగనే తోచియుండవచ్చును. కాని ఆ నియమము ఒకని కొరకు సడలినచో మరియొకని కష్టమునకు విలువ లేకుండ పోవును. పావెల్ రికార్డును 2024 ఒలింపిక్ క్రీడలు ముగియు నాటికిని ఎవ్వరును దాటలేదు. ఎవ్వరైన దాటిన నాడు దానినిగూడ ఇదే గీటునుండి, ఇదే గాలి హద్దుతో కొలువవలసియుండును. రికార్డు నెలకొల్పుటకు బలమును సాధనయు కావలెను. దానిని లోకము నమ్ముటకు న్యాయమైన కొలత కావలెను. ఇక బోస్టన్ పేరు రికార్డుల పట్టికలో వెనుకబడినను, అతని సలహా మాత్రము క్రీడాలోకమున నేటికిని గౌరవముతో చెప్పుకొనబడుచున్నది.