వ్రాతలేని హక్కు

మధ్యయుగమున ఐరోపాఖండమందు ఫ్యూడల్ విధానము ప్రబలియుండెనని చరిత్రలయందు చదివి, అది యెక్కడి దేశపు ముచ్చటయో యని మనవారు తలంచుచుందురు. కాళంగి యొడ్డున వెలసిన సూళ్లూరుపేట ప్రాంతమువారికి మాత్రమది యంత దూరపు మాట కాదు. ఈ సీమ వెలుగోటివారి వేంకటగిరి జమీనులోనిది.

ఆ విధానమునకు మూలసూత్రమొక్కటే. రాజు ప్రభువునకు భూమి నిచ్చును. ప్రభువు రాజునకు యుద్ధమున దండుబలము నిచ్చును. పండ్రెండవ శతాబ్దినుండి ఇంగ్లండురాజులు సైన్యమునకు బదులు సొమ్ము గైకొనుట కలవాటుపడిరి. మన పాళెగాండ్ర చరిత్రయు నిట్టిదే. వేంకటగిరి, కాళహస్తి మున్నగు పాళెములవారు పైప్రభువునకు దండుతో సాయపడెడివారు. 1801లో కర్ణాటకము కుంఫిణీవారి వశమయ్యెను. మరుసటియేడు వారు శాశ్వత సన్నదు లిచ్చి, దండుసేవను రూకలలోనికి మార్చి పేష్కషులో జేర్చిరి. కత్తి పోయినది, కప్పము మిగిలినది.

ఇక రైతు మాట. ఐరోపా మేనరునందలి దాసరైతు ప్రభువు ననుజ్ఞలేక ఊరు విడువరాదు. వారమునకు రెండుమూడు దినములు దొరపొలమున ఊరక పాటుపడవలెను. తన ధాన్యమును దొర మరలోనే విసరించుకొని సుంక మీయవలెను. అయినను వానికొక యండ యుండెను. మేనరు కచ్చేరి తన తీర్పులను, భూమి మార్పులను దస్తరమున వ్రాయించెడిది. ఆ వ్రాతకు నకలు రైతు చేతికి వచ్చెను. కాలక్రమమున ఇంగ్లండున ఆ నకలే వానికి హక్కుపత్రమయ్యెను.

మనదేశమున రైతుకు కుడివారము, ప్రభువునకు మేలువార మనుట పూర్వాచారము. 1802 నాటి 25వ రెగ్యులేషను జమీందారుని భూస్వామిగా పేర్కొనెను. ఆ యేటిదే యగు 30వ రెగ్యులేషను రైతులకు పట్టాలీయవలెనని విధించెను గాని, భూమి యెవరిదను వివాదము నూఱేండ్లు న్యాయస్థానములలో నలిగెను. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టముతో గాని సాగుదారుని స్థిరహక్కు స్పష్టముగా గుర్తింపబడలేదు.

మతసంస్థల మాట గూడ విచారింపదగినది. అచ్చట పండినదానిలో పదియవ పాలు చర్చికి చెల్లవలెను. మఠాధిపతులు తామే మేనరులకు ప్రభువులై యుండిరి. మనకును దేవాలయ మాన్యములు కలవు. కళ్లములో గుడికి మేర తీయుటయు పలుచోట్ల నుండెను. కాని పోపువలె దేశదేశముల నేలు నొక పీఠము మనకు లేకుండెను. 1077లో జర్మను రాజు నాలుగవ హెన్రీ, వెలి తొలగించుకొనుటకై కెనోసా కోటవాకిట మంచులో మూడుదినములు నిలిచి పోపును వేడుకొనెను. అట్టి దృశ్యము మన చరిత్రలో వెదకినను దొరకదు.

ఫ్రాన్సున 1789 ఆగష్టు 4వ తేదీ రాత్రి ప్రజాప్రతినిధులు ప్రభువుల హక్కులను రద్దుగావింప తీర్మానించిరి. మనకట్టి యొక్కరాత్రి లేదు. దీర్ఘకాలపు కృషియే కలదు. 1928లో నెల్లూరున వెంకట్రామానాయుడుగారు ‘జమీన్ రైతు’ పత్రికను స్థాపించిరి. రంగాగారు రైతుసంఘముల నడపిరి. టంగుటూరి ప్రకాశంగారి యధ్యక్షతను విచారణ సంఘము 1938లో నివేదిక నొసంగెను. తుదకు 1948 నాటి 26వ చట్టము, నష్టపరిహార మిచ్చి, ఎస్టేట్లను రైత్వారీలోనికి మార్చెను. జమీనురైతు పట్టాదారుడయ్యెను.

ఇచ్చట పట్టాదారులు కొంత నిలిచి యోచింపవలెను. పట్టా మనకు వచ్చినది. మన పొలమున దున్నువానికేమి వచ్చినది? పాలేరునకు ఆ చట్టము సెంటు భూమినైన నీయలేదు. ఆంధ్రమున కౌలుదారుల చట్టము 1956లోనే పుట్టినను, నేటికిని పెక్కు కౌళ్లు నోటిమాటమీదనే నడచుచున్నవి. పంట మునిగిననాడు పరిహారమునకును, పెట్టుబడికై బ్యాంకు ఋణమునకును వాని చేత వ్రాత యుండదు. వ్రాసియిచ్చినచో భూమి చేజాఱునను భయమే దీనికి కారణము. జమీందారులు మన తాతలకు చెప్పిన సమాధానమును ఇదియే కదా!

మేనరు దాసునకైనను ఒక నకలు దొరకెను. మన కౌలుదారునకు ఒక కాగితము వ్రాసియిచ్చుటకు మనము వెనుదీయుట తగునా? జమీందారునెదుట మనవారు నిలిచి కోరినదే నేడు వాడు మన యెదుట నిలిచి కోరుచున్నాడు.