పుస్తకంలోని ప్రోగ్రామ్ పేస్ట్ చేస్తే ఎందుకు నడవదు?

ప్రోగ్రామింగ్ పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లలోని ఉదాహరణలు పుటపై అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తున్నప్పటికీ, వాటిని కాపీ చేసి కంప్యూటర్‌లో పేస్ట్ చేసినప్పుడు నడవకుండా మొరాయించడం తరచుగా జరుగుతుంది. పొరపాటు తనదేనని గంటల తరబడి వెతికే విద్యార్థికి, దోషం అచ్చుకూర్పులో ఉందన్న సంగతి తట్టదు.

1993లో అడోబీ సంస్థ విడుదల చేసిన పీడీఎఫ్, ఏ అక్షరరూపాన్ని పుటలో ఎక్కడ ముద్రించాలో తెలిపే ఆదేశాలను దాచుకుంటుంది. ఆ రూపం ఏ అక్షరానికి చెందినదో చెప్పే పట్టిక కూడా ఫైలులో సరిగ్గా ఉంటేనే కాపీ చేసిన పాఠ్యం సవ్యంగా వస్తుంది. రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను నింపుకున్న పాత అను ఫాంట్ల పీడీఎఫ్ నుంచి వాక్యాన్ని కాపీ చేస్తే, అర్థంలేని గుర్తుల వరుస రావడానికీ ఇదే కారణం.

శాస్త్రగ్రంథాల కూర్పులో విరివిగా వాడే లేటెక్‌కు ఆధారమైన టెక్‌ను డోనాల్డ్ క్నూత్ 1978లో, అంటే పీడీఎఫ్‌కు పదిహేనేళ్ల ముందు, కాగితంపై అందమైన ముద్రణ కోసం రూపొందించారు. అందువల్ల కీబోర్డుపై నిటారుగా ఉండే ఒంటి కొటేషన్ గుర్తు, ప్రోగ్రామ్‌ను ఉన్నదున్నట్టు చూపే భాగంలో సైతం వంపు తిరిగిన గుర్తుగా మారిపోతుంది. కంటికి ఈ తేడా స్వల్పమే అయినా, పైథాన్ భాష మాత్రం చెల్లని అక్షరమంటూ ఆ పంక్తిని నిరాకరిస్తుంది. లేటెక్‌లో కోడ్‌ను కూర్చడానికి వాడే లిస్టింగ్స్ ప్యాకేజీలో తీసివేత గుర్తు కూడా ఇదే తీరున గణితశాస్త్రపు గుర్తుగా మారుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఖాళీల వల్ల జరుగుతుంది. టెక్ సాధారణంగా ఖాళీని అక్షరంగా ముద్రించక, చోటు వదిలి ముందుకు జరుగుతుంది కాబట్టి, అక్కడ ఖాళీ ఉందో లేదో పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్ ఊహించుకోవలసి వస్తుంది. పంక్తి మొదట్లో వదిలిన ఖాళీలను బట్టే ఏ ఆదేశం ఏ భాగానికి చెందుతుందో నిర్ణయించే పైథాన్‌లో, ఆ ఖాళీలు రాలిపోతే ప్రోగ్రామ్ నిర్మాణమే చెదిరిపోతుంది.

వీటిలో చాలావాటికి నివారణ ఉంది. అప్‌కోట్ ప్యాకేజీ కొటేషన్ గుర్తులను నిటారుగా ఉంచుతుంది. లిస్టింగ్స్‌లో అక్షరాల వెడల్పును సహజంగా వదిలేసే ఎంపికను, ఖాళీలను నిలిపే ఎంపికను కలిపి వాడితే పదాల లోపల అనవసరపు చీలికలు తగ్గుతాయి. కోడ్‌తో పాటు కాపీ అయ్యే పంక్తి సంఖ్యలను ఖాళీ పాఠ్యంగా చూపే ఉపాయమూ ఉంది కానీ, అన్ని పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్లూ దానిని మన్నించవు కనుక పంక్తి సంఖ్యలను అవసరమైన చోటనే వాడడం మేలు. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పంక్తుల మొదటి ఖాళీలకు పూర్తి హామీ లేదు.

అందుచేత రచయితలు, ప్రచురణకర్తలు తుది పీడీఎఫ్ నుంచే ప్రతి ఉదాహరణనూ కాపీ చేసి, నడిపి చూసిన తర్వాతే పుస్తకాన్ని విడుదల చేయాలి. ఆ ప్రోగ్రామ్‌లను విడి ఫైళ్లుగా కూడా పాఠకులకు అందించాలి.