ఇంటి ఔషధాలకు తిరిగే పళ్ళెము

ఒక రాత్రి బిడ్డకు కడుపునొప్పి రాగా, ఒక తల్లి వాము అర్కు అనుకొని అలమరలో వెనుక నున్న నీలగిరి తైలమును చెంచాలో పోసినది. ఘాటు వాసన తగిలి ఆగినది. మరునాడు మా వైద్యశాలలో ఈ సంగతి చెప్పునప్పుడు ఆమె చేతులు ఇంకను వణకుచుండెను. ఆ తైలము పసిపిల్లల కడుపులోనికి పోయిన ప్రాణాపాయము.

దోషము ఆమెది కాదు, సర్దుబాటుది. ముందు వరుస సీసాలు వెనుక వరుసను కప్పివేయును. దీనికి తిరిగే పళ్ళెము చక్కని ఉపాయము. అడుగున ఉక్కు గుండ్లు అమర్చియుండుటచే, వేలితో త్రిప్పినంతనే వెనుక సీసా ముందుకు వచ్చును. అంచు గల పళ్ళెమునే కొనవలెను. బరువు సీసాలను ఎదురెదురుగా ఉంచినచో ఒరగదు.

దానిపై శొంఠి, పిప్పలి, మిరియాలు, వాము, త్రిఫల చూర్ణము వంటి లోపలికి పుచ్చుకొను వానినే ఉంచవలెను. పైపూత తైలములు, కర్పూరము వేరొక అరలో తాళము వేసి ఉంచవలెను. పళ్ళెము సైతము పిల్లలకు అందరాదు. పొయ్యి వేడి, ఎండ, తేమ తగులరాదు.

చూర్ణము రెండు మాసములకు వీర్యహీనమగునని శార్ఙ్గధర సంహిత చెప్పుచున్నది. కనుక ప్రతి సీసాపై పేరు, తయారుచేసిన తేదీ వ్రాసి, వారమునకొకసారి పళ్ళెమును ఒక చుట్టు త్రిప్పి చూడుడు. రాత్రివేళ దీపము వేసి, పేరు చదివిన పిదపనే మూత తీయుడు.