ఊరివాళ్ల కోసం వేసిన రోడ్డు

2018లో ఐస్‌లాండ్ జనాభా సుమారు మూడున్నర లక్షలు. ఆ ఏడాది ఆ ద్వీపాన్ని చూడటానికి వచ్చినవాళ్లు 23 లక్షలు. 2010లో వాళ్ల సంఖ్య 5 లక్షల లోపే. అక్కడ రైళ్లు లేవు. అందుకే చాలామంది విమానం దిగగానే కారు అద్దెకు తీసుకుని ఒకటో నంబరు రోడ్డెక్కుతారు. ద్వీపాన్ని చుట్టివచ్చే ఈ రింగ్ రోడ్డు 1,300 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది.

ఈ రోడ్డు మీద కొత్తవాళ్లకు జరిగే ప్రమాదాలు అర్థం కావాలంటే అది ఎలా పుట్టిందో చూడాలి. దక్షిణాన మంచుకొండల నుంచి దిగే ఏర్లు ఇసుక మైదానాల్లో పాయలుగా చీలి, దారులు మార్చుకుంటూ పారతాయి. వాటిని దాటే వంతెనలు 1974లో పూర్తయ్యాకే రోడ్డు ద్వీపం చుట్టూ కలిసింది. జనం తక్కువ, ఏర్లు ఎక్కువ. దాంతో చాలా వంతెనలను ఒక్క వాహనం పట్టే వెడల్పుతోనే కట్టారు. ముందు చేరినవాళ్లు దాటాలి, ఎదుటివాళ్లు ఆగాలి. ఊరివాళ్లకు అలవాటైన పద్ధతే ఇది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కొత్తవాళ్లకు మాత్రం రోడ్డు ఉన్నట్టుండి సగమైపోతుంది.

2018 డిసెంబరు 27న నూప్స్‌వోత్న్ అనే ఏటి దగ్గర అలాంటి వంతెన మీదే ఒక కారు రెయిలింగు దాటి కింద పడిపోయింది. అందులో ఉన్నవాళ్లు భారతీయ మూలాలున్న బ్రిటన్ కుటుంబం. ఏడుగురిలో ముగ్గురు చనిపోయారు, వాళ్లలో ఒక పసిబిడ్డ. తర్వాత రద్దీ ఉన్న ఇరుకు వంతెనల దగ్గర వేగ పరిమితిని 50కి తగ్గించారు. ఆ చోట ఇప్పుడు రెండు వరుసల కొత్త వంతెన ఉంది.

నా దృష్టిలో అసలైన మందు ఇలా రోడ్డునే మార్చడం. అద్దె కార్లలో సూచనల కాగితాలు పెడుతున్నారు, మంచిదే. కానీ రాత్రంతా విమానంలో నిద్రలేక తెల్లవారుజామున దిగిన మనిషికి ఆ కాగితంలో ఎంత గుర్తుంటుంది? ప్రమాదం ఎదురుకాకముందే రోడ్డే అతని వేగం తగ్గించాలి. పక్కదారుల్లో తారు అయిపోయి కంకర మొదలయ్యేచోట, ఎదుటి వాహనం కనబడని మిట్టల దగ్గర ఈ అవసరం మరీ ఎక్కువ. కంకర మీద పరిమితి 80 అని రాసి ఉన్నా, 90తో వచ్చి అక్కడ గట్టిగా బ్రేకు వేస్తే కారు జారిపోతుంది.

ఇంకో చిక్కు ఫొటోలది. రోడ్డు పక్క మార్జిన్ దాదాపు ఉండదు. మలుపు తిరగగానే జలపాతమో గుర్రాల మందో కనిపిస్తే కారును రోడ్డు మీదే ఆపేసి దిగుతారు. జరిమానా వేసినా ఆగాలన్న కోరిక పోదు. దానికోసమే ఇంత దూరం వచ్చారు మరి. కాబట్టి జనం ఎక్కడ ఆగుతున్నారో చూసి, సరిగ్గా అక్కడే నాలుగు కార్లు నిలిచేంత జాగా చదును చెయ్యాలి. కొత్త వంతెనతో పోలిస్తే దానికయ్యే ఖర్చు చాలా తక్కువ.