తిమ్మిర్లకు ఎర్ర సూది

మిర్చి కోతలు, పత్తి తీతలు ముగిసే వేళకు అరికాళ్ల మంటలు, చేతుల తిమ్మిర్లు అంటూ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలామంది ముందు వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికే. ఆయన ఆంప్యూల్ విరిచి సిరంజిలోకి లాగే ఎర్రటి మందును అందరూ ‘బలం సూది’ అంటారు. ఆ ఎరుపు బీ12 విటమిన్‌ది.

బీ12 లోపిస్తే నరాల పైపొర దెబ్బతింటుంది. మాంసం, గుడ్లు, పాలు తీసుకోని వాళ్లకు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులకు ఆ ముప్పు ఎక్కువ. పేగులు విటమిన్‌ను పీల్చుకోలేనప్పుడు సూది నిజంగా ఆదుకుంటుంది. కానీ తిమ్మిర్లకు షుగర్, మద్యం, మెడ నరం నొక్కుకోవడం, కొన్ని పురుగుమందులు కూడా కారణమే. అందుకే మొదటి సూదికి ముందే రక్తపరీక్ష చేయించాలి. తర్వాత చేయిస్తే అంకె పెరిగి లోపం కనపడదు.

బీ విటమిన్లు కలిపి ఇచ్చే సూదుల్లో బీ6 కూడా ఉంటుంది. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను పాడుచేస్తుంది! బీ1 సూదికి అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు కాబట్టి, అత్యవసర మందులున్న చోటే వేయించుకోవాలి. సిరంజి కొత్తది కావాలి, ఆంప్యూల్ మీద గడువు తేదీ చూడాలి.

రక్తహీనతకు వాడే ఫోలిక్ యాసిడ్‌తోనూ జాగ్రత్త అవసరం. దాన్ని భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది. బీ12 లోపానికి అదొక్కటే వాడితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది.

నడక తూలినా, మూత్రంపై పట్టు తప్పినా సూదితో కాలయాపన చేయకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.