కొత్త డీజిల్ కారు: ఇంజిన్ కంపనం, తొలి వెయ్యి కిలోమీటర్లు

కొత్త డీజిల్ కారు కొన్నవాళ్లకు మొదటి వారంలోనే ఒక అనుమానం వస్తుంది. బండి కదలకుండా స్టార్టులో ఉన్నప్పుడు స్టీరింగు, గేరు రాడ్డు, సీటు సన్నగా వణుకుతుంటాయి. లక్షలు పోసి కొన్న బండిలో ఇది లోపమేమోనని బెంగ. ఆ వణుకు ఎక్కడ పుడుతుందో తెలిస్తే, ఏది సహజమో, ఏది మెకానిక్కుకు చూపించాల్సిందో మీరే తేల్చుకోగలరు. ఇందుకు సరళ హరాత్మక చలనం, అనునాదం అనే రెండు భావనలు చాలు.

వణుకు ఎక్కడ పుడుతుంది?

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని దాని ఘనపరిమాణంలో 15 నుంచి 18వ వంతుకు కుదిస్తే ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడిగాలిలోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. పీడనం ఒక్కసారిగా పెరిగి క్రాంక్‌షాఫ్ట్‌ను తోస్తుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం ఇంజిన్ దిమ్మె కూడా ఎదురు దిశలో కుదుపు తింటుంది. పెట్రోలు ఇంజిన్‌లోనూ ఇదే జరుగుతుంది గానీ అక్కడ కుదింపు తక్కువ, దెబ్బ మెత్తన.

ఒక చిన్న లెక్క వేద్దాం. నాలుగు ఘాతాల ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. సిలిండర్లు నాలుగైతే చుట్టుకు రెండు దహనాలు. నిమిషానికి 800 చుట్ల దగ్గర సెకనుకు సుమారు 27 కుదుపులు. మూడు సిలిండర్లైతే 20 మాత్రమే. కుదుపుల మధ్య ఎడం పెరిగేకొద్దీ వణుకు చేతికి బాగా తెలుస్తుంది. మూడు సిలిండర్ల బండి ఎక్కువ వణుకుతోందని చాలామంది అనడానికి ఇదొక కారణం.

రెండో మూలం పిస్టన్ల జడత్వం. నాలుగు సిలిండర్లలో రెండు పిస్టన్లు పైకి వెళ్తుంటే రెండు కిందికి దిగుతాయి, కాబట్టి బలాలు పూర్తిగా రద్దు కావాలనిపిస్తుంది. కావు. కనెక్టింగ్ రాడ్డు ఒరిగి కదలడం వల్ల పిస్టన్ చలనం శుద్ధ సరళ హరాత్మక చలనం కాదు. పై సగంలో వేగంగా, కింది సగంలో నెమ్మదిగా సాగుతుంది. మిగిలిపోయిన బలం చుట్టుకు రెండుసార్లు పనిచేస్తుంది. అది వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి ఎక్కువ చుట్ల దగ్గరే ప్రముఖం.

ఇంజిన్‌ను రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు. ఆ అమరిక సహజ పౌనఃపున్యాన్ని స్టార్టులోని దహన పౌనఃపున్యం కంటే తక్కువగా ఉంచుతారు. తాళం తిప్పి ఆపినప్పుడు ఇంజిన్ వేగం పడిపోతూ ఆ సహజ పౌనఃపున్యం గుండా దాటుతుంది. బండి ఒక్కసారి ఊగి ఆగడం ఆ క్షణకాల అనునాదమే. దాని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు.

రన్నింగ్-ఇన్ అంటే

సిలిండర్ లోపలి గోడ అద్దంలా నునుపుగా ఉంటుందనుకుంటాం. నిజానికి హోనింగ్ చేసి, ఒకదాన్నొకటి ఖండించే సన్నని గీతలు గీస్తారు. గీతల్లో నూనె నిలుస్తుంది. గీతల అంచులను పిస్టన్ రింగు కొద్దికొద్దిగా అరగదీసి తనకు తగ్గట్టు ఒదిగించుకుంటుంది. రింగును గోడకు గట్టిగా ఒత్తేది ముఖ్యంగా దాని వెనక చేరే వాయు పీడనం. బరువు లేకుండా నడిపితే ఆ పీడనం చాలదు. గోడ మీది నూనె కాలి, గాజుపూతలా గట్టిపడుతుంది. ఆ తరువాత బండి నూనె తాగడం మొదలుపెడుతుంది. మరోవైపు, చల్లటి ఇంజిన్‌ను గరిష్ఠ వేగానికి లాగితే రాపిడి వేడికి రింగులే దెబ్బతింటాయి. కాబట్టి మధ్యస్థమైన బరువు, మారుతూ ఉండే వేగం కావాలి. ఎన్ని కిలోమీటర్లన్నది మీ బండి పుస్తకం చెప్పినట్టే. తరచు 1,000 నుంచి 1,500 వరకు ఉంటుంది.

మన దారి దగ్గరే చిక్కుంది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వచ్చే 40వ నంబరు జాతీయ రహదారి దాదాపు 200 కిలోమీటర్లు. నంద్యాల దాటాక చాలాదూరం చదును. పై గేరులో వేసి, ఒకే వేగంతో గంటలు గడిపేయాలనిపిస్తుంది. కొత్త ఇంజిన్‌కు అది పనికిరాదు. పది పదిహేను నిమిషాలకోసారి గేరు తగ్గించి, వేగం పెంచి, మళ్లీ యాక్సిలరేటర్ వదలండి. కడప దాటి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది: ఇంజిన్‌కు శ్రమ ఇవ్వకూడదని పై గేరులోనే లాగడం. చుట్లు తగ్గి, ప్రతి దహనం బండి మొత్తాన్ని కుదుపుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. గేరు దించి చుట్లు పెంచడమే ఇంజిన్‌కు సుఖం. (పైన కోవా కొనడానికి ఆగినప్పుడు, ఆపే ముందు ఒక నిమిషం స్టార్టులో ఉంచండి, టర్బో చల్లబడుతుంది.)

మే నెల ఎండకు భయపడి ఏ.సీ. వేసుకొని చెట్టు కింద గంటసేపు ఇంజిన్ ఆపకుండా కూర్చోవడం కొత్త బండికి మరీ చెడ్డది. బరువులేని పరుగంటే అదే.

ఏది చూపించాలి?

స్టార్టులో వణుకు రోజురోజుకూ పెరుగుతున్నా, ఒక సిలిండర్ మండనట్టు లయ తప్పినా, నల్లపొగ ఆగకపోయినా వారంటీలో ఉండగానే చూపించండి. 80 కిలోమీటర్ల దగ్గర స్టీరింగు వణికితే నాలుగో గేరులో, ఐదో గేరులో నడిపి పోల్చండి. రెండింటిలోనూ అదే వేగం దగ్గర వస్తే లోపం చక్రాల బ్యాలెన్సింగ్‌లో ఉండవచ్చు, ఇంజిన్‌ను అనుమానించకండి. 2020 ఏప్రిల్ తరువాతి బి.ఎస్.-6 బండ్లలో పొగ వడపోత తనను తాను శుభ్రపరచుకునేటప్పుడు స్టార్టు వేగం కాస్త పెరగవచ్చు. అది లోపం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మూడు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు ఎన్ని దహనాలు? (జవాబు: 50)

2. చక్రం చుట్టుకొలత 1.9 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుంది? (జవాబు: దాదాపు 12)