మండువ నుంచి కాంపౌండు దాకా

తెలంగాణ పల్లెల్లో పొద్దుగూకే వేళ నలుగురూ కూడే చోటు కల్లు మండువ. అది చాలాచోట్ల తాటివనంలోని చెట్టు నీడే. గీత కార్మికుడు మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కి లొట్టి దింపుతాడు; కింద తాటిరేకు పట్టినవాళ్లకు అక్కడే వంచుతాడు. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. నిలవ ఉండే సరుకు కాదు కాబట్టే తాగే చోటు చెట్టు దగ్గర వెలిసింది.

హైదరాబాదులో అది కాంపౌండు అయింది. ప్రహరీ లోపల రేకుల షెడ్డు, బల్లలు, సీసాల్లో కల్లు, పక్కనే గుగ్గిళ్లు, బోటీ అమ్మేవాళ్లు. కూలినాలి చేసుకునే ఆడా మగా సేదతీరే చోటు అదే. నిజాం కాలంలో ఆబ్కారీ ఖజానాకు పెద్ద రాబడి. అప్పట్లో గుత్తేదారులదే పెత్తనం. గీత కార్మికుల సహకార సంఘాలకు లైసెన్సులు దక్కింది ఆ తర్వాతే.

నగరానికి సరిపడా చెట్లు లేకపోవడమే అసలు చిక్కు. ఆ కొరతలోంచే కల్తీ పుట్టింది: క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రజోలం. వీటికి అలవాటుపడిన మనిషికి ఒక్కసారిగా కల్లు అందకపోతే చేతులు వణుకుతాయి, మూర్ఛలొస్తాయి. 2004లో నగరంలోని దుకాణాలు మూతపడ్డాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి.

ఇంగ్లండులో పాత పబ్బులెన్నో నేడు చట్టం కాపాడే కట్టడాలు. ఇక్కడ ముందు కాపాడుకోవలసింది తాటి, ఈత చెట్లను. చెట్టు లేకుండా తెరిచే కాంపౌండు జనానికి చేటే.